కబురుతీగ తెల్లగా పూసింది

ఆ ఊళ్ళో ఇప్పుడు ఎవరింటికైనా వెళితే ముందు తలుపు కొట్టరు. వీధిలో నిలబడి, తలెత్తి, బాల్కనీ చూస్తారు. పూలు ఊదారంగులో ఉంటే మెట్లెక్కుతారు. తెల్లగా ఉంటే ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరుగుతారు. "బాగున్నారా?" అని అడగడం కూడా మానేశారు. "పూలెలా ఉన్నాయండి?" అంటారు. గోదావరి గట్టున ఉన్న రాజమండ్రి ఇలా తయారైందంటే మీరు నవ్వుతారు. నవ్వండి. ఆ ఊరివాళ్ళు మాత్రం నవ్వడం లేదు.

ఈ మొక్క అసలు పేరు పలకబోతే నాలుక మడతపడుతుంది. జనం పెట్టుకున్న పేరు కబురుతీగ. వేలాడే కుండీలో పెడితే అంచు మీంచి జారి, బారెడు పొడవున కిందికి దిగి, రెమ్మ రెమ్మకీ గరాటా ఆకారంలో పూలు పూస్తుంది. గోడ వారగా ఎండ తగిలే చోట నాటినా పాకుతుంది గానీ, అక్కడది ఉత్త అలంకారమే. ఇంట్లో మనుషుల ఊపిరి తగిలే చోట ఉంటేనే దానికి విలువ. ఎండ లేనిదే పూయదు, పూయనిదే కబురు చెప్పదు. అందుకే ఆ ఊళ్ళో దక్షిణపు బాల్కనీ ఉన్న వాటాలకు అంత గిరాకీ.

దాన్ని తయారుచేసిన డాక్టర్ ముక్తేశ్వరి జనానికి అర్థమయ్యేలా ఇలా చెప్పేది. "మనం వదిలే ఊపిరిలో వందల రకాల ఆవిర్లుంటాయండి. ఒంట్లో పెద్ద జబ్బేదైనా మొదలైతే, మనకింకా తెలియకముందే వాటి పాళ్ళు మారిపోతాయి. మొక్కల ఆకుల్లో స్టొమాటా అని సన్నటి రంధ్రాలుంటాయి. ఈ మొక్క వాటిలోంచి మీ ఇంటి గాలి పీల్చుకుంటుంది. నారుమొక్కగా మీ ఇంటికొచ్చిన మొదటి నెలలో మీ ఇంటి ఊపిరి ఎలా ఉంటుందో నేర్చుకుంటుంది. చంటిబిడ్డ తల్లి వాసన పట్టినట్టన్నమాట. ఆ తర్వాత తేడా కనబడిందా, ఆంథోసయనిన్ అనే రంగు చేసుకోవడం మానేస్తుంది. పూలు తెల్లగా వస్తాయి. మీరు వెంటనే ఆస్పత్రికి వెళతారు. అంతే."

నిజంగా అంతే. ఎన్నో ప్రాణాలు నిలబడ్డాయి, కాదనడానికి వీల్లేదు. కాకపోతే యంత్రమైతే లోపల గదిలో పెట్టుకుంటాం. ఇది ఎండ కోసం వీధివైపు వేలాడుతుంది. ఇంట్లో ఎవరికి జబ్బు చేసిందో ఇంట్లోవాళ్ళకంటే ముందు పాలవాడికి తెలుస్తుంది.

మంగతాయారు ఒక నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటుంది. భర్త సూరిబాబు బస్సు డిపోలో మెకానిక్. పిల్లలు లేరు. కబురుతీగ కోసం ఆవిడ రెండుసార్లు నర్సరీనుంచి నారు తెచ్చి నాటింది. రెండుసార్లూ చంపుకుంది. ఆ మొక్కకు వేలు దింపి చూసి, మట్టి పొడిగా ఉంటేనే నీళ్ళు పొయ్యాలి. ఆవిడేమో ఆరారా చెంబుతో వెళ్ళి, దాహం వేస్తుందేమో పాపం అని పోసేది. వేళ్ళు కుళ్ళిపోయాయి. ప్రేమ ఎక్కువై చచ్చిన మొక్కలు అవి.

పక్క వాటాలో భ్రమరాంబగారు ఒక్కర్తీ ఉంటుంది. హిందీ టీచరుగా రిటైరైంది. రెండు బాల్కనీలకీ మధ్య నడుమెత్తు గోడ. ఆవిడ కబురుతీగ ఆ వీధికే అందం. మట్టిలో సగానికి సగం ఇసుక కలిపేది, కుండీ అడుగున చిల్లు మూసుకుపోకుండా పెంకు ముక్క పెట్టేది, చివుళ్ళు తుంచి తుంచి తీగని గుబురు చేసేది, వాడిన పూలు ఏ రోజువి ఆ రోజు గిల్లేసేది. తీగలు చీర కుచ్చిళ్ళలా రెండో అంతస్తు దాకా దిగేవి. ఒక్కటంటే ఒక్క తెల్లపువ్వు లేదు. "పిన్నిగారి ఒళ్ళు వజ్రం" అనేవారు అందరూ.

అడిగితే కొమ్మేం ఖర్మ, కుండీయే ఎత్తి ఇచ్చే మనిషి. కానీ అడిగి తెచ్చుకున్న మొక్క నాటుకోదు, దొంగిలించి తెస్తేనే కలిసొస్తుంది. ఇది మంగతాయారు కనిపెట్టింది కాదు. మనీప్లాంటు పెంచే ప్రతి ఇల్లాలికీ తెలిసిన శాస్త్రమే. ఒక మధ్యాహ్నం భ్రమరాంబగారు కునుకు తీస్తున్న వేళ మంగతాయారు గోడ మీంచి వంగి, మొగ్గలున్న రెమ్మనొకదాన్ని పుటుక్కున తుంచి కొంగులో చుట్టేసింది. ఆ కంగారులో పక్క తీగ కూడా విరిగింది.

సాయంత్రానికి విరిగిన తీగ చూసి భ్రమరాంబగారు నొచ్చుకుంది. నలుగురూ వరండాలో చేరారు. అందరిలోకీ గట్టిగా అరిచింది మంగతాయారే. "ఎవరి చెయ్యో గానీ పడిపోనూ! పెద్దావిడ ప్రాణంలా పెంచుకుంటే ఇదేం పొయ్యేకాలం!" అంది. అంత నోరు చేసుకున్న మనిషిని ఎవరు అనుమానిస్తారు చెప్పండి.

దొంగ రెమ్మ బతికింది. శాస్త్రం నిజమైంది. రెమ్మతోపాటు వచ్చిన మొగ్గలు ఊదారంగులో విచ్చుకుంటే మంగతాయారు పొంగిపోయింది. తర్వాత తీగ సాగి, ఆవిడ ఇంట్లో పుట్టిన మొదటి మొగ్గ ఒక ఉదయం ఎండెక్కేసరికి విచ్చుకుంది. తెల్లగా.

ఇంట్లో ఉన్నది ఇద్దరే. తనకు తలనొప్పయినా లేదు. లోపల సూరిబాబు స్నానానికి వెళుతూ దగ్గాడు. రోజూ దగ్గే దగ్గే. డిపోలో దుమ్ముకి ఎప్పటినుంచో ఉన్నదే. కానీ ఆ పూట ఆ దగ్గు ఆవిడకు కొత్తగా వినిపించింది. వీధివైపు చూసింది. ఎవరూ తలెత్తలేదు. పువ్వు కోసి, కూరగాయల తొక్కల్లో కలిపేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

మర్నాడు ఇంకోటి పూసింది. దాన్నీ కోసింది. ఆ తర్వాత విచిత్రంగా కొన్నాళ్ళు తెల్లపువ్వు కనబడలేదు. కనబడలేదు గానీ భయం తగ్గలేదు. సూరిబాబు అన్నం తింటుంటే ఎన్ని ముద్దలు తిన్నాడో చూసేది. పడుకుంటే ఛాతీ ఎలా లేస్తోందో చూసేది. అతనేమో ఆవిడ మొహంలోకి చూస్తూ, "ఏంటే మంగా, చిక్కిపోయావు? ఒంట్లో బాగుంటోందా?" అని పదేపదే అడిగేవాడు. తనమీద జాలిపడుతున్నాడని ఆవిడకు ఇంకా ఏడుపొచ్చేది.

ఒకరోజు అతని క్యారేజీ గిన్నె కడుగుతుంటే అడుగున తడిసి అతుక్కుపోయిన తెల్లటి రేకులు కనిపించాయి. ఆవిడ గిన్నె పట్టుకుని అక్కడే కూలబడింది.

"ఏవండీ, ఇవేంటి?"

సూరిబాబు దొరికిపోయిన మొహం పెట్టాడు. "నువ్వు లేవకముందే రేపు విచ్చే మొగ్గలన్నీ వెతికి కోసేస్తున్నానే. విప్పి చూస్తే లోపల తెల్లగానే ఉంటున్నాయి. ఇక్కడ పారేస్తే నీ కంట పడతాయని డిపోకి పట్టుకుపోతున్నాను. నీకు తెలిస్తే బెంగపెట్టుకుంటావనీ..."

"నాకా? నాకేం రోగం? నేను మీకేదో అయిందని చస్తుంటే!"

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. నవ్వొచ్చే సంగతే. ఇద్దరికీ నవ్వు రాలేదు. ఎవరికి? అన్న ప్రశ్న ఆ వంటింట్లో మూడో మనిషిలా కూర్చుంది.

ఆస్పత్రికి వెళ్ళారు. రక్తం తీశారు, స్కానింగు తీశారు, ఇద్దరిచేతా గొట్టాల్లోకి ఊదించారు. ఏమీ లేదన్నారు. ఏమీ లేదంటే మామూలు రోజుల్లో కొబ్బరికాయ కొట్టాలి. కానీ ఇంటికొస్తే తీగనిండా తెలుపు. ఇక కోసి దాచే ఓపిక కూడా పోయింది. వీధిలో కబురు పాకింది. పాలవాడు ప్యాకెట్టు మెట్లమీదే పెట్టి పోయాడు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ వీర్రాజు లిఫ్టులో సూరిబాబుని చూసి, తాను మెట్లు ఎక్కుతానన్నాడు. "పరీక్షలకి దొరకని రోగమటండి" అనుకున్నారు. ఆ మాట మంగతాయారు చెవిన పడింది. తెలిసిన రోగం కంటే తెలియని రోగం మనిషిని ఎక్కువ చంపుతుంది.

కబురందుకుని డాక్టర్ ముక్తేశ్వరి స్వయంగా వచ్చింది. ఆకులు చూసింది, పూలు చూసింది, మొహం చిట్లించింది.

"మొక్క ఎక్కడ కొన్నారమ్మా?"

"నర్సరీలోనండి" అంది మంగతాయారు. అబద్ధం కాదు కదా, రెండుసార్లు కొన్నది నర్సరీలోనే. మధ్యగోడకు అవతల భ్రమరాంబగారు నిలబడి వింటోంది. చెయ్యి పడిపోవాలని తిట్టిన నోటితోనే ఆ చెయ్యి నాదే అని ఎలా చెబుతుంది? దొంగకు తేలు కుట్టినట్టయింది ఆవిడ పని.

"మరైతే దీని మాట కొట్టెయ్యడానికి లేదు" అంది డాక్టరు. "ఇంత గట్టిగా చెబుతోందంటే స్కానింగులో పడనంత చిన్నదేదో ఉండి ఉండాలి. ఆయనకు దగ్గుంది కాబట్టి ఊపిరితిత్తిలోంచి సూదితో ముక్క తీసి చూడమంటారు. చెప్పడం నా ధర్మం, కాస్త ప్రమాదం ఉంది. ఊపిరితిత్తి చిల్లుపడొచ్చు."

సూరిబాబు వెంటనే ఒప్పుకున్నాడు. అనుమానంతో బతకడం కంటే అదే నయమన్నాడు. ఆస్పత్రికి వెళ్ళాల్సిన రోజు అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచి సర్దుకుని, చెప్పులు తొడుక్కోబోతూ ఆగాడు. "మంగా, నాకేదైనా అయితే గ్యాసు బండ మార్చడం పైన వీర్రాజు వాళ్ళబ్బాయికి వచ్చు. అడగడానికి మొహమాటపడకు" అన్నాడు.

దాంతో ఆవిడ కట్ట తెగిపోయింది. నమూనా పూలకోసం వచ్చి బాల్కనీలో ఉన్న డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

"డాక్టరుగారూ, నేను కొనలేదండి. దొంగిలించానండి. ఆ పక్క కుండీలోంచి ఓ రెమ్మ తుంచుకొచ్చానండి. మా ఆయన్ని పొడవకండి, మీకు పుణ్యముంటుంది!"

డాక్టర్ ముక్తేశ్వరి కోప్పడుతుందనుకుంది. ఆవిడ కోప్పడలేదు. చేతిలో కత్తెర అలాగే పట్టుకుని, నెమ్మదిగా గోడ అవతలికి తిరిగి చూసింది. అక్కడ ఎండలో నిగనిగలాడుతూ ఊదారంగు పూలు. ఇవతల తెల్లపూలు. ఒకే తల్లి మొక్క. డాక్టరు మొహంలో రంగు పోయింది.

"ఆ మొక్కని ఆవిడ నారునుంచి పెంచిందా?"

"అవునండి. ఎప్పటినుంచో ఉంది."

"ఇంట్లో ఇంకెవరుంటారు?"

"ఎవరూ లేరండి. ఒక్కర్తే."

డాక్టరు సూరిబాబుని పిలిచి చెప్పులు విప్పెయ్యమంది. గొంతు తగ్గించింది. "మీ ఇంట్లో జబ్బు లేదు. ఈ మొక్క ఒక్కసారే నేర్చుకుంటుంది, రెమ్మ తుంచినా ఆ గుర్తు రెమ్మలో ఉంటుంది. అది పక్కింటి ఊపిరిని మామూలు ఊపిరి అనుకుని పెరిగింది. మీ ఇద్దరి ఊపిరీ దానికి తేడాగా కనబడుతోంది. మనిషికీ మనిషికీ ఉండే మామూలు తేడాకి ఇది ఇంత తెల్లబడదు, కాబట్టి అది నేర్చుకున్న ఊపిరే జబ్బుది అయ్యుండాలి."

మంగతాయారుకి అర్థమవడానికి కాస్త టైం పట్టింది. భర్త బతికాడన్న సంతోషం పూర్తిగా రాకముందే రెండో భయం వచ్చి మీద పడింది. అందులో సిగ్గు కూడా కలిసింది, ఎందుకంటే ముందు వచ్చింది సంతోషమే.

భ్రమరాంబగారు తలుపు తీసి, "రండి రండి, కాఫీ తాగుతారా?" అంది. మంగతాయారే అంతా చెప్పేసింది, దొంగతనంతో సహా, ఏడుస్తూ.

"అయితే ఆ రోజు చెయ్యి పడిపోవాలని నిన్ను నువ్వే తిట్టుకున్నావన్నమాట" అని పెద్దావిడ నవ్వింది. నవ్వుతూనే కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూర్చుంది. "బరువు తగ్గుతున్నాను, వయసు కదా అనుకున్నాను. పూలు బాగున్నాయి కదా అనుకున్నాను" అంది. "భయంగా ఉందే మంగా. నా పక్కన కూర్చో."

ఊపిరితిత్తి కింది భాగంలో గడ్డ ఉంది. మెల్లగా, ఏళ్ళ తరబడి పెరుగుతున్న రకం. ఇంకొంచెం ఆగితే చెయ్యి దాటిపోయేదన్నారు. ఆపరేషన్ చేశారు, మందులు ఎక్కించారు. ఆవిడ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ మంగతాయారు గోడ మీంచి వంగి ఆ తీగకు నీళ్ళు పోసింది. మట్టిలో వేలు దింపి చూసి మరీ పోసింది.

భ్రమరాంబగారు జుట్టు ఊడి, సగం మనిషై ఇంటికొచ్చింది. జబ్బు పోయింది. ఆవిడ మామూలు ఊపిరి పీల్చి వదలడం మొదలుపెట్టిన కొన్నాళ్ళకు ఆ తీగ నిలువెల్లా తెల్లగా పూసింది.

దానికది కొత్త ఊపిరి మరి. జబ్బే దానికి తెలిసిన ఆరోగ్యం. ఇది డాక్టర్ ముక్తేశ్వరి అపార్ట్‌మెంట్ మీటింగులో రెండుసార్లు విడమరిచి చెప్పింది. అందరూ తలలూపారు. చెవులు విన్నాయి గానీ కళ్ళు నమ్మలేదు. ఏళ్ళ తరబడి తెలుపు చూస్తే వెనక్కి తిరగడం అలవాటైన కాళ్ళు అవి. మూడో అంతస్తులో రెండు బాల్కనీలు పక్కపక్కనే తెల్లబడి ఉంటే, ఎదురింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. పాలవాడు గేటు దగ్గరే ఆగిపోయాడు. వీర్రాజు వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "ఆ కుండీలు దించెయ్యండి పిన్నిగారూ, అందరికీ భయంగా ఉందండి" అన్నాడు.

డాక్టరు కొత్త నారు తెచ్చిస్తానంది. భ్రమరాంబగారు వద్దంది.

"కొత్తది ఇవాళ్టి నా ఊపిరిని మంచిదే అనుకుంటుంది. లోపల ఎక్కడైనా పిసరంత రోగం మిగిలుంటే దాన్ని కూడా మంచిదే అనుకుంటుంది. ఈ పాతదానికైతే నా రోగం బాగా తెలుసు, దాంతోనే పెరిగింది. అది తిరిగొస్తే ముందు గుర్తుపట్టేది ఇదే. ఉండనీండి."

ఊదారంగు కనిపించిన రోజే తనకు ఫోన్ చెయ్యమని చెప్పి డాక్టరు వెళ్ళింది.

అప్పటినుంచీ ఆ ఇద్దరు ఆడవాళ్ళూ రోజూ ఎండెక్కే వేళకు గోడకు చెరోవైపు నిలబడి, తీగ తీగా పట్టి చూసుకునేవారు. తెల్లపువ్వు కనిపిస్తే ఊపిరి పీల్చుకునేవారు. ఇంకా విచ్చుకోని మొగ్గలంటేనే వాళ్ళకు భయం. ఊళ్ళో జనమంతా దేనికోసం దణ్ణాలు పెట్టుకుంటారో, ఆ రంగు ఎక్కడైనా కనబడుతుందేమోనని వీళ్ళు బిక్కుబిక్కుమంటూ వెతికేవారు. వీధిలో ఎవరూ పలకరించకపోయినా, ఆ ఏడాది అలా గడిచింది.

ఒక ఉదయం తీగ చివర ఒక మొగ్గ విచ్చుకుంది. ఊదారంగు.

మంగతాయారు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భ్రమరాంబగారు చూసింది. తీగని దగ్గరికి లాక్కుంది. ఆ పూలగుత్తిలో ఇంకో రెండు మొగ్గల కొసలు కూడా ముదురుగా ఉన్నాయి.

కింద వీధిలో ఎవరో కేకేశారు. "పిన్నిగారి తీగకి రంగొచ్చిందండోయ్!" నలుగురు పోగయ్యారు, పదిమందయ్యారు. ఎదురింటి కిటికీ రెక్కలు తెరుచుకున్నాయి. మంగతాయారు పక్క వాటాలోకి వచ్చేసరికి భ్రమరాంబగారి తలుపు చప్పుడైంది. ఇన్నాళ్ళూ గుమ్మం తొక్కని వీర్రాజు భార్యాసమేతంగా పూతరేకుల పెట్టె పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. వెనకాల పాలవాడు, వాడి వెనక ఇంకెవరెవరో.

"చూశారా పిన్నిగారూ! నేనన్నానా, నయమైపోతుందని! నోరు తీపి చేసుకోండి" అని ఆయన పూతరేకు తుంచి ఆవిడ చేతిలో పెట్టాడు.

మంగతాయారు అరవబోయింది. భ్రమరాంబగారు ఆవిడ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఊరుకోవే" అంది మెల్లిగా. "ఇన్నాళ్ళకు మెట్లెక్కి వచ్చారు. ముందు వీళ్ళకి కాఫీ పెట్టు. వెళ్ళాక డాక్టరుగారికి ఫోన్ చేద్దాం."